డువేన్ ఆల్మన్ ‘యాన్ ఆంథాలజీ’: ఇతరుల పాటల్లో ఒక గిటారిస్టును వినడం ఎలా?

రెండేళ్లుగా గిటారు నేర్చుకుంటున్నానని, డువేన్ ఆల్మన్ గొప్ప స్లైడ్ గిటారిస్టని (అంటే వేలికి తొడిగిన గొట్టాన్ని తీగల మీద జార్చి వాయించేవాడని) విని 1972 నాటి ‘యాన్ ఆంథాలజీ’ సంకలనం తెరిచానని, తీరా చూస్తే అందులో సగానికి పైగా వేరే గాయకుల పాటలే ఉన్నాయని రాశారు. గిటారిస్టు పేరు మీద వచ్చిన ఆల్బంలో ఇన్ని పరాయి పాటలు ఎందుకున్నాయి, వాటిలో అతడి వాయింపు ఏదో ఎలా పోల్చుకోవాలి, దీనికి బదులు 2013లో వచ్చిన ఏడు సీడీల పెట్టె కొనడం మేలా అన్నవి మీ మూడు ప్రశ్నలు. స్లైడ్ గిటారు వాయిస్తూ, నేర్పుతూ ఇరవై ఏళ్లకు పైగా గడిపాను, ఈ సంకలనాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. అందువల్ల సమాధానం కాస్త పొడవుగానే ఉంటుంది.

డువేన్ ఆల్మన్ 1946 నవంబరు 20న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టి, 1971 అక్టోబరు 29న జార్జియాలోని మేకన్‌లో మోటారు సైకిలు ప్రమాదంలో చనిపోయాడు. అప్పటికి అతడికి 25 ఏళ్లు నిండలేదు. ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ పేరుతో అతడు బతికి ఉండగా వచ్చిన ఆల్బంలు మూడే. కానీ 1968 చివరి నుంచి మూడేళ్లలో అతడు అలబామాలోని మజిల్ షోల్స్‌లోనూ, న్యూయార్క్, మయామీ స్టూడియోలలోనూ ఎందరెందరి పాటలకో గిటారు వాయించాడు. ఆ రోజుల్లో సోల్ సంగీతం (అమెరికా నల్లజాతి గాయకుల ఆవేశభరితమైన పాటలు) ఎక్కువగా 45 ఆర్‌పీఎమ్ సింగిల్స్‌గా, అంటే వైపుకో పాట ఉండే చిన్న రికార్డులుగా, అమ్ముడుపోయేది. వాటి మీద గాయకుడి పేరు, పాట రాసినవారి పేరు, కంపెనీ పేరు ఉండేవే తప్ప వెనక ఎవరు వాయించారో రాసే అలవాటు లేదు. మన సినిమా పాటల క్యాసెట్ల అట్టలు గుర్తున్నవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. అతడు చనిపోయిన మరుసటి ఏడాది కాప్రికార్న్ కంపెనీ ఈ రెండు ఎల్పీల సంకలనం వేసినప్పుడు అసలు ఉద్దేశం ఇదే: చెల్లాచెదురుగా పడి ఉన్న ఆ పనిని ఒక చోటికి చేర్చి, ఇదంతా ఒకే చేతి వాయింపు అని చూపించడం. మొత్తం 19 పాటల్లో సగానికి పైగా ఇతరుల కోసం స్టూడియోలో వాయించినవి. మీకు పరాయివిగా తోచిన ఆ పాటలే ఈ ఆల్బం ప్రాణం.

నాకు ఈ సంకలనం మొదట దొరికింది ఎవరో క్యాసెట్‌లోకి ఎక్కించిన నకలుగా. పాటల పేర్లు రాసిన కాగితం కూడా దానితో లేదు. ఎవరు పాడుతున్నారో తెలియదు, పాట పాటకూ గొంతు మారిపోతోంది, మగగొంతు తరువాత ఆడగొంతు, దాని తరువాత గొంతే లేకుండా శాక్సోఫోన్. మారకుండా ఉన్నది గిటారు ఒక్కటే. ఇప్పుడు ఆలోచిస్తే దీన్ని వినడానికి అంతకంటే మంచి పద్ధతి లేదనిపిస్తుంది, కాబట్టి మీరూ ఒకసారి తెర వైపు చూడకుండా, పేర్లు చదవకుండా వినండి.

మొదటి పాట ‘బి.బి. కింగ్ మెడ్లీ’కి ఒక నేపథ్యం ఉంది. డువేన్, అతడి తమ్ముడు గ్రెగ్ కలిసి అవర్ గ్లాస్ అనే బ్యాండ్‌తో లాస్ ఏంజిలస్‌లోని లిబర్టీ కంపెనీకి రికార్డు చేసేవారు. కంపెనీ వారి చేత తేలికపాటి పాప్ పాటలు పాడించాలని చూసింది. విసిగిపోయిన కుర్రాళ్లు 1968 ఏప్రిల్‌లో మజిల్ షోల్స్‌లోని ఫేమ్ స్టూడియోకు వెళ్లి, తమకు నచ్చిన బ్లూస్‌ను (అమెరికా నల్లజాతివారి పాటల సంప్రదాయాన్ని) తమకు నచ్చినట్టు వాయించి టేపు పంపారు. కంపెనీకి అది నచ్చలేదు, కొంతకాలానికి బ్యాండ్ చెదిరిపోయింది. కానీ ఫేమ్ యజమాని రిక్ హాల్‌కు ఆ గిటారు కుర్రాడు గుర్తుండిపోయాడు. ఈ పాటలో స్లైడ్ లేదని గమనించండి. బ్లూస్ గిటారిస్టు బి.బి. కింగ్ పద్ధతిలో గాయకుడు ఒక పాదం పాడి ఆగగానే గిటారు దానికి బదులు పలుకుతుంది. మాటకు మాట అందించే ఈ పద్ధతి తెలిస్తే తరువాతి పాటలన్నీ తేలిగ్గా విప్పుకుంటాయి.

రెండోది సోల్ గాయకుడు విల్సన్ పికెట్ పాడిన ‘హే జూడ్’. దీని దగ్గర మీరు ఎక్కువసేపు ఆగాలి. 1968 నవంబరులో పికెట్ ఫేమ్‌కు వచ్చినప్పుడు ఏ పాట రికార్డు చేయాలో తేలలేదు. స్టూడియోలో పని కోసం చుట్టూ తిరుగుతున్న డువేన్ బీటిల్స్ పాట పాడమన్నాడు. ఆ పాట విడుదలై అప్పటికి మూడు నెలలే అయింది, ఇంకా అందరి నోళ్లలోనూ నానుతోంది. పికెట్‌కూ, రిక్ హాల్‌కూ అది పిచ్చి ఆలోచనలా కనిపించింది. మిగతావారందరూ మధ్యాహ్న భోజనానికి వెళ్తే పికెట్, డువేన్ ఇద్దరూ స్టూడియోలోనే ఉండిపోయారని రిక్ హాల్ తరువాతి కాలంలో చెప్పేవాడు. నల్లవాడు ఒకరు, భుజాల దాకా జుట్టు పెంచిన తెల్లవాడు ఒకరు కలిసి హోటలుకు వెళ్తే చూపులు, మాటలు తప్పని దక్షిణాది అది. భోజనం ముగించుకుని అందరూ తిరిగి వచ్చేసరికి పాట నిశ్చయమైపోయింది.

పాటలో మొదటి రెండు నిమిషాలకు పైగా డువేన్ ఎక్కడ ఉన్నాడో వెతుక్కోవాలి. పికెట్ మెత్తగా పాడుతూ ఉంటాడు, గిటారు పాదానికీ పాదానికీ నడుమ రెండు మూడు స్వరాలు పలికి తప్పుకుంటుంది. ఆ తరువాత పికెట్ ఒక్కసారిగా కేక పెడతాడు, వెనక బాకాలు లేస్తాయి, అప్పుడు గిటారు కట్టు తెంచుకున్నట్టు దూసుకు వస్తుంది. ఇక చివరి దాకా గొంతూ గిటారూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. గమనించవలసింది ఏమిటంటే, ఆ ఉధృతిలో కూడా గిటారు పికెట్ కేకను తొక్కేయదు, కేక ఆగిన సందులోనే పైకి లేస్తుంది. అట్లాంటిక్ కంపెనీకి చెందిన జెర్రీ వెక్స్‌లర్‌కు రిక్ హాల్ దీన్ని ఫోనులోనే వినిపించాడు, గిటారు ఎవరిదన్నదే వెక్స్‌లర్ అడిగిన ప్రశ్న. ఇంగ్లీషు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ కారులో వెళ్తూ రేడియోలో విని అదే ప్రశ్న అడిగినట్టు తరువాత చెప్పుకున్నాడు. ఒక్క పాట చివరి నిమిషంన్నర డువేన్ జీవితాన్ని మలుపు తిప్పింది. అన్నట్టు, అతడికి ‘స్కైమ్యాన్’ అని ముద్దుపేరు పెట్టింది పికెట్టే. అది అంతకుముందే ఉన్న ‘డాగ్’తో కలిసి ‘స్కైడాగ్’ అయింది.

ఇక స్లైడ్ సంగతి. క్లారెన్స్ కార్టర్ ‘ది రోడ్ ఆఫ్ లవ్’తో ఈ సంకలనంలో స్లైడ్ మొదలవుతుంది. పాట నడుమ డువేన్ సోలో అందుకోగానే, తాను వింటున్నది తనకు నచ్చుతోందని కార్టర్ పైకే అనేస్తాడు. స్టూడియోలో ఆ క్షణం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవడానికి ఆ ఒక్క మాట చాలు.

డువేన్ స్లైడ్ నేర్చుకున్న కథ గ్రెగ్ చాలాసార్లు చెప్పాడు. అన్న జలుబుతో మంచం పట్టి ఉండగా, పుట్టినరోజు కానుకగా గ్రెగ్ ఒక టాజ్ మహల్ ఆల్బం, ఒక కోరిసిడిన్ జలుబు మాత్రల సీసా ఇచ్చి వచ్చాడు (టాజ్ మహల్ అంటే ఇక్కడ అమెరికన్ బ్లూస్ గాయకుడి రంగస్థల నామం). ఆ ఆల్బంలోని ‘స్టేట్స్‌బరో బ్లూస్’లో జెస్సీ ఎడ్ డేవిస్ వాయించిన స్లైడ్ విని, డువేన్ మాత్రలు బయట పోసి, సీసా మీది కాగితం ఊడదీసి, దాన్ని ఉంగరపు వేలికి తొడుక్కుని సాధన మొదలుపెట్టాడు. ఆ చిన్న గాజు సీసానే చివరి దాకా అతడి పనిముట్టు. స్లైడ్‌తో వాయించేటప్పుడు కుడిచేతిలో పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పట్టుకోకుండా వేళ్లతోనే మీటేవాడు. అందువల్ల ఒక తీగ పలుకుతుండగా పక్క తీగలను మిగిలిన వేళ్లతో నొక్కి ఉంచగలిగేవాడు. మీరు సాధన మొదలుపెట్టినప్పుడు మొదట అలవరచుకోవలసింది ఈ నొక్కి ఉంచడమే, ఎందుకంటే చాలామంది స్లైడ్ వాయింపు మురికిగా వినిపించడానికి కారణం సీసా కాదు, నోరు మూయించని పక్క తీగలు.

శృతి విషయం మన భాషలో చెప్తే తేలిగ్గా బోధపడుతుంది. స్లైడ్‌కు అతడు ఎక్కువగా వాడినది ఓపెన్ ఇ. అంటే మంద్రం నుంచి తీగలు వరుసగా ఇ, బి, ఇ, జి షార్ప్, బి, ఇ స్వరాలకు బిగించి ఉంటాయి. షడ్జమం ఇ అనుకుంటే అవి స, ప, స, గ, ప, స. ఆ గాంధారం అంతర గాంధారం. బ్లూస్ గాయకులు పాడే గాంధారం మాత్రం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో తేలుతూ ఉంటుంది. మెట్లున్న గిటారు మీద దాన్ని అందుకోవాలంటే తీగను లాగాలి. స్లైడ్ అయితే ఆ నడిమి చోటికి జారి అక్కడే నిలవగలదు. మెట్లు లేని గోటువాద్యం మీద కర్రను జార్చి గమకం పలికించడం మీరు విని ఉంటే, ఇది ఎందుకు గొంతులా వినిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. డువేన్‌ను పోల్చుకునే గుర్తు కూడా ఇక్కడే ఉంది: స్వరానికి సూటిగా రాడు, కింద నుంచి జారి వస్తాడు, చేరిన తరువాత ఒక్క క్షణం నిలిచి అప్పుడు మాత్రమే ఊగిస్తాడు. ఊగింపు ముందే మొదలైతే అది చాలావరకు వేరొకరి వాయింపే.

‘గోయిన్ డౌన్ స్లో’ అతడే పాడిన పాట. 1969 ఫిబ్రవరిలో తలపెట్టి వదిలేసిన సొంత ఆల్బంలోది. గొంతు బలహీనమని అతడికే తెలుసు, ఆ తరువాత గాయకుడిగా గ్రెగ్‌నే ముందు నిలబెట్టాడు. అయినా ఈ పాట ఇక్కడ ఉండడం న్యాయమే: తన గొంతు చేయలేనిది తన గిటారు చేత ఎలా చేయిస్తున్నాడో ఇంత స్పష్టంగా మరెక్కడా వినబడదు. దాని పక్కనే అరెథా ఫ్రాంక్లిన్ ‘ది వెయిట్’ వస్తుంది. అరెథా లాంటి గొంతు పక్కన గిటారు చేయగలిగిన పని తక్కువ, డువేన్ ఆ తక్కువే చేశాడు. మొదట్లో స్లైడ్‌తో ద్వారం తెరుస్తాడు, తరువాత ఆమెకు దారి వదిలేస్తాడు.

‘ది వెయిట్’తో మొదలయ్యే మొదటి ఎల్పీ రెండో వైపునే శాక్సోఫోన్ వాద్యకారుడు కింగ్ కర్టిస్ ‘గేమ్స్ పీపుల్ ప్లే’, జాన్ హామండ్ ‘షేక్ ఫర్ మీ’ ఉంటాయి. హామండ్ తెల్లజాతి బ్లూస్ గాయకుడు. మజిల్ షోల్స్ వాద్యకారులు మొదట అతడిని పట్టించుకోలేదనీ, డువేన్ వచ్చి తాను హామండ్‌ను కలవడానికే వచ్చానని చెప్పాక అంతా సర్దుకుందనీ హామండ్ చెప్పేవాడు. స్టూడియో గిటారిస్టు పనిలో ఇది కూడా భాగమే.

ఈ వైపు అసలు సరుకు బాజ్ స్కాగ్స్ ‘లోన్ మీ ఎ డైమ్’. ఫెంటన్ రాబిన్‌సన్ రాసిన ఈ బ్లూస్‌ను 1969లో మజిల్ షోల్స్ సౌండ్‌లో రికార్డు చేశారు. ఫేమ్‌లో పని చేసిన రోజర్ హాకిన్స్, డేవిడ్ హుడ్, బ్యారీ బెకెట్, జిమ్మీ జాన్సన్ అదే ఏడాది బయటికి వచ్చి, జాక్సన్ హైవే మీద 3614 నంబరు భవనంలో పెట్టుకున్న స్టూడియో అది. పాట సుమారు 13 నిమిషాలు. మొదటి సగంలో లయ ఎంత నెమ్మదిగా నడుస్తుందంటే, అలవాటు లేనివారు పాట ఆగిపోయిందేమో అనుకుంటారు. డువేన్ అక్కడ స్లైడ్ లేకుండా, ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కి ఒక్కొక్క పలుకే వేస్తాడు. స్కాగ్స్ పాడటం ముగిసిన తరువాత సోలో మొదలుపెట్టి, ఎత్తవలసిన చోటికి వెంటనే ఎక్కకుండా ఒక్కో మెట్టే ఎక్కుతూ పోతాడు. చివరికి లయ రెట్టింపై, బాకాలు తోడై పాట ఉరకలు వేస్తుంది. అతడిని స్లైడ్ వాయింపుతోనే కొలిచేవారికి నేను ముందు వినిపించేది ఈ పాట. నా మటుకు నాకు ఈ సంకలనం మొత్తంలో అత్యుత్తమమైనది క్లాప్టన్ బృందం డెరెక్ అండ్ ది డామినోస్ పాట ‘లైలా’ కాదు, ఇదే.

జానీ జెంకిన్స్ పాటలు రెండూ, డెలానీ అండ్ బానీ పాటా హాయిగా సాగిపోతాయి, వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. కౌబాయ్ బృందం పాడిన ‘ప్లీజ్ బి విత్ మీ’ని మాత్రం దాటేయకండి. స్కాట్ బోయర్ రాసిన ఆ మెల్లని పాటలో డువేన్ వాయించింది డోబ్రో, అంటే మధ్యలో లోహపు పళ్లెం అమర్చిన గిటారు. పికెట్ పాటలో కేకలు పెట్టించిన మనిషి ఇక్కడ నిద్రపోతున్న పిల్లవాడి గదిలో నడిచినట్టు వాయించాడు. ఆ తరువాతిది ‘మీన్ ఓల్డ్ వరల్డ్’, క్లాప్టన్‌తో ఇద్దరే కూర్చుని వాయించింది. 1970లో మయామీలోని క్రైటీరియా స్టూడియోలో ‘లైలా’ రికార్డింగుల సమయంలో చేసి పక్కన పెట్టినది ఈ సంకలనంతోనే మొదటిసారి బయటికి వచ్చింది.

‘లైలా’ గురించి అందరూ రాసేదే ఇక్కడ మళ్లీ రాయను. మీకు పనికొచ్చేది రెండు ముక్కలు. ఆ ఆగస్టు 26న మయామీలో ఆల్మన్ బ్రదర్స్ కచేరీకి క్లాప్టన్ వెళ్లాడు, ఆ రాత్రే ఇద్దరూ స్టూడియో చేరారు. క్లాప్టన్ రాసిన పాట మొదట నెమ్మదిగా సాగేది, దానికి ఇప్పుడు లోకమంతా గుర్తుపట్టే ఎత్తుగడ డువేన్ ఇచ్చాడు. ఆల్బర్ట్ కింగ్ పాడిన ఒక బ్లూస్ పాదాన్ని వేగం పెంచి మలచినది అది. రెండోది, పాట మొదటి భాగం చివర స్లైడ్ మెట్లన్నీ దాటిపోయి, గిటారు మీద ఇక మెట్టంటూ లేని చోట పలుకుతుంది. అక్కడ వేలికి ఆనవాలు ఉండదు, చెవి ఒక్కటే దిక్కు. పియానో భాగం ముగిసే చోట వినిపించే పిట్ట కూత కూడా అతడి స్లైడే.

నాలుగో వైపు అంతా ఆల్మన్ బ్రదర్స్ బ్యాండే. నిజం చెప్పాలంటే ఆ బ్యాండ్ ఆల్బంలు ఉన్నవారికి ఈ అయిదు పాటలతో పెద్ద అవసరం లేదు, వాటి బదులు బ్లూస్ గాయకుడు ఓటిస్ రష్ వెనక వాయించినవి చేర్చి ఉంటే సంకలనం ఇంకా చిక్కగా ఉండేదని నా అభిప్రాయం. అయితే ఇతరుల పాటల్లో సందులు వెతుక్కుని వాయించిన మనిషికి సొంత బ్యాండ్‌లో చోటు దొరికితే ఏం చేశాడో పోల్చి చూడడానికి ‘డ్రీమ్స్’ ఒక్కటి బాగా ఉపయోగపడుతుంది. అందులో సోలో మామూలు వేళ్ల వాయింపుతో మొదలై, మధ్యలో స్లైడ్‌కు మారుతుంది. ఎక్కడ మారిందో రెండోసారి వింటే తప్ప పట్టుకోలేం. ఇది ఓపెన్ ఇ కాదు, మామూలు శృతే. చివరిది ‘లిటిల్ మార్తా’, బ్యాండ్ పాటల్లో పూర్తిగా అతడి ఒక్కడి పేరు మీద ఉన్న స్వరరచన. బ్యాండ్‌లోని మరో గిటారిస్టు డికీ బెట్స్ తోడుగా 1971 అక్టోబరులో, అంటే చనిపోయిన నెలలోనే, రికార్డు చేసినది.

ఇక మూడో ప్రశ్న. 1974లో ఈ సంకలనానికి రెండో భాగం వచ్చింది. ఓటిస్ రష్, రానీ హాకిన్స్, లులు, హెర్బీ మాన్ వంటి వారి వెనక వాయించినవి అందులో ఉన్నాయి. ‘స్కైడాగ్’ పేరుతో 2013లో రౌండర్ కంపెనీ వేసిన ఏడు సీడీల పెట్టెలో 129 పాటలున్నాయి, దాన్ని కూర్చడంలో డువేన్ కుమార్తె గాలడ్రియల్ పాలు పంచుకుంది. కుర్రతనపు బ్యాండ్ల నుంచి చివరి కచేరీల దాకా కాలక్రమంలో పేర్చిన ఆ పెట్టె పరిశోధకుడికి గని, అందులో సందేహం లేదు. కానీ రెండేళ్ల విద్యార్థికి 129 పాటలు ఒకేసారి ఇవ్వడమంటే పెళ్లి భోజనానికి కూర్చోబెట్టి రుచులు గుర్తుపెట్టుకోమన్నట్టు ఉంటుంది. ఈ ఏడాదికి 1972 సంకలనంతోనే ఉండండి. వరుస మార్చకుండా వినండి, ‘హే జూడ్’, ‘ది వెయిట్’, ‘లోన్ మీ ఎ డైమ్’, ‘ప్లీజ్ బి విత్ మీ’ నాలుగింటినీ తీసుకుని, గాయకుడు ఊపిరి తీసుకునే ప్రతి చోటా గిటారు ఏం చేస్తోందో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. ఏమీ వాయించని చోట్లను కూడా రాయండి. ఆ కాగితం నిండిన తరువాత పెట్టె కొనండి. అప్పుడు మొదట ఓటిస్ రష్ పాటల దగ్గరికి వెళ్లండి.